మహా హెవీవెయిట్‌ను చిన్న బాక్సర్ ఓడించగలడా? ఒక పాత వాదం నేపథ్యం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో దేహబలం గురించి ఏ చర్చ మొదలైనా అది చివరకు కోడి రామ్మూర్తి నాయుడి దగ్గరకు చేరుతుంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఛాతీ మీద ఏనుగును నిలుపుకుని దేశమంతా పేరు పొందిన ఆ మల్లయోధుడి పేరే నేడు శ్రీకాకుళం స్టేడియానికి ఉంది. అంతటి వస్తాదును తలచుకునే చోట బాక్సింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లలో చాలామంది యాభై, అరవై కిలోల బరువున్నవారే కనుక, నేర్పూ వేగమూ ఉంటే చిన్న బాక్సర్ ఒక మహా హెవీవెయిట్‌ను, అంటే అత్యంత భారీ విభాగంలోని గొప్ప బాక్సర్‌ను, గెలవలేడా అన్న ప్రశ్న వారికి సహజంగానే వస్తుంది. భాగవత దశమస్కంధంలో కృష్ణుడు చాణూరుడితో తలపడినప్పుడు, పసివాళ్లను కొండల్లాంటి మల్లులతో పోరాడించడం అధర్మమని మథుర స్త్రీలు ఆక్రోశిస్తారు. అంటే ఈ సందేహం మన కథల్లోనూ పాతదే. అయితే ఆ కథలో గెలిచినవాడు భగవంతుడు. మనుషుల సంగతి తెలియాలంటే బాక్సింగ్ చరిత్రనే అడగాలి.

ఇంగ్లండులో ఒట్టి పిడికిళ్లతో పోరాడిన రోజుల్లో బరువు విభాగాలు లేవు. 1743లో జాక్ బ్రౌటన్ రాసిన నియమాలు కింద పడినవాడిని కొట్టరాదనీ, నడుము కింద పట్టుకోరాదనీ చెప్పాయి గాని, ఎవరు ఎవరితో తలపడాలన్న విషయం జోలికి పోలేదు. ఆ రోజుల్లోనే సుమారు 72 కిలోల బరువు, ఐదడుగుల ఏడంగుళాల ఎత్తు ఉన్న డేనియల్ మెండోజా తనకంటే భారీ మనుషులను ఓడించి ఇంగ్లండు ఛాంపియన్ అయ్యాడు. నిలబడి కొట్టుకోవడమే పద్ధతిగా ఉన్న కాలంలో అతడు పక్కకు జరగడాన్నీ, దెబ్బను కాచుకోవడాన్నీ ఒక శాస్త్రంగా అభ్యసించాడు. 1795లో తనకంటే ఎంతో బరువైన జాన్ జాక్సన్ ఒక చేత్తో అతడి పొడవైన జుట్టు పట్టుకుని, రెండో చేత్తో కొట్టి ఓడించాడు. అప్పటి నియమాలు దాన్ని తప్పుగా చూడలేదు.

గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్లు, పది అంకెల లెక్కింపు 1867 నాటి క్వీన్స్‌బెర్రీ నియమాలతో వచ్చాయి. ఎనిమిది బరువు విభాగాలు మాత్రం 1909లో లండన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ చేతుల్లో స్థిరపడ్డాయి. ఈ రెండు తేదీలకు నడుమ జరిగిన పోరాటాలే చిన్నవాడి పక్షాన వాదించేవారికి నేటికీ ఆధారం.

వాటిలో మొదటిది బాబ్ ఫిట్జ్‌సిమ్మన్స్ గెలుపు. మధ్యస్థ బరువు విభాగమైన మిడిల్‌వెయిట్‌లో ఛాంపియన్‌గా పేరు పొందిన ఆయన 1897 మార్చి 17న అమెరికాలోని కార్సన్ సిటీలో, సుమారు 76 కిలోల బరువుతో, 83 కిలోల హెవీవెయిట్ ఛాంపియన్ జేమ్స్ కార్బెట్‌ను పద్నాలుగో రౌండులో పొత్తికడుపు పైభాగాన కొట్టిన ఒకే దెబ్బతో కూల్చాడు. అయితే తేడా ఏడు కిలోలేనన్నది గమనించాలి. రెండేళ్ల తరవాత 93 కిలోల జేమ్స్ జెఫ్రీస్ ఎదురైనప్పుడు అదే ఫిట్జ్‌సిమ్మన్స్ పదకొండో రౌండులో పడిపోయాడు. ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది బార్బడోస్ వీరుడు జో వాల్కాట్. ఐదడుగుల ఒకటిన్నర అంగుళాల ఈ వెల్టర్‌వెయిట్ (మిడిల్‌వెయిట్‌కు కింది విభాగం వాడు) 1900లో జో చొయిన్‌స్కీ అనే భారీ బాక్సర్‌ను ఓడించగా, ఆ చొయిన్‌స్కీ మరుసటి ఏడాది, తరవాత హెవీవెయిట్ ఛాంపియన్ అయిన జాక్ జాన్సన్‌నే నాకౌట్ చేశాడు. కాకపోతే ఆనాటి జాన్సన్ ఇంకా మహా హెవీవెయిట్ కాలేదు.

ఛాంపియన్ అయ్యాక జాన్సన్ ఎలాంటివాడో 1909 అక్టోబరులో మిడిల్‌వెయిట్ స్టాన్లీ కెచెల్‌కు తెలిసింది. పన్నెండో రౌండులో కెచెల్ కొట్టిన దెబ్బకు జాన్సన్ నేలకు ఒరిగాడు. లేచిన మరుక్షణంలోనే కెచెల్‌ను స్పృహ తప్పేలా కొట్టాడు. చిన్నవాడి దెబ్బ పెద్దవాడిని పడగొట్టగలదనీ, ఆ పడగొట్టడమే గెలుపు కాదనీ ఒకే నిమిషంలో చూపిన పోరాటం అది. 1955లో హెవీవెయిట్‌కు కింది విభాగమైన లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ ఆర్చీ మూర్ కూడా రెండో రౌండులో హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానోను పడగొట్టి, తొమ్మిదో రౌండులో ఓడిపోయాడు.

1919లో 85 కిలోల జాక్ డెంప్సీ 111 కిలోల హెవీవెయిట్ ఛాంపియన్ జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టిన సంగతిని చాలామంది రుజువుగా చూపుతారు. నా దృష్టిలో అది సరైన రుజువు కాదు, ఎందుకంటే విల్లార్డ్‌కు అప్పటికి 37 ఏళ్లు, ఛాంపియన్‌షిప్ కోసం పోరాడి మూడేళ్లు దాటింది. పైగా డెంప్సీ తానే ఒక మహా హెవీవెయిట్. భారీ మనిషిని ఓడించడం, గొప్ప భారీ బాక్సర్‌ను ఓడించడం వేర్వేరు విషయాలు. నన్నడిగితే, ఒకప్పటి వెల్టర్‌వెయిట్ ఛాంపియన్, ఐదడుగుల ఏడంగుళాల మిక్కీ వాకర్ 1931లో జాక్ షార్కీతో పదిహేను రౌండ్లు పోరాడి డ్రాగా ముగించడం అంతకంటే బరువైన సాక్ష్యం, ఎందుకంటే షార్కీ మరుసటి ఏడాదే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

ఈ వాదానికి అసలు పరీక్ష 1941 జూన్ 18న న్యూయార్క్‌లో జరిగింది. జో లూయిస్ అప్పటికి నాలుగేళ్లుగా ఛాంపియన్, మంచి వయసులో ఉన్నవాడు, బరువు 90 కిలోలు. లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చిన బిల్లీ కాన్ బరువును 174 పౌండ్లుగా, అంటే 79 కిలోలుగా ప్రకటించారు. నిజానికి అంతకన్నా తక్కువే. కాన్ దగ్గరకు వెళ్లి రెండు మూడు దెబ్బలు వేసి, లూయిస్ పిడికిలి వచ్చేలోపు కోణం మార్చి తప్పుకుంటూ పన్నెండు రౌండ్లు గడిపాడు. ఆ పన్నెండో రౌండులో లూయిస్‌ను తూలేలా కొట్టాడు కూడా. అప్పటికి ముగ్గురు నిర్ణేతల్లో ఇద్దరి లెక్కలో కాన్‌దే ముందంజ, మూడో లెక్కలో ఇద్దరూ సమానం. పదమూడో రౌండులో కాన్ తప్పుకోవడం మానేసి నాకౌట్ కోసం ఎదురెళ్లాడు. రౌండు ముగియడానికి రెండు సెకన్ల ముందు లూయిస్ అతడిని పడగొట్టాడు. నేటిలా ఛాంపియన్‌షిప్ పోరు పన్నెండు రౌండ్లకే పరిమితమై ఉంటే ఆ రాత్రి కిరీటం కాన్‌దయ్యేది. మహా హెవీవెయిట్‌ను, అదీ ఉచ్చదశలో ఉన్నప్పుడు, పదకొండు పన్నెండు కిలోలు తక్కువ ఉన్నవాడు పాయింట్లలో మించగలడనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం నాకు కనబడదు. అయితే ముప్ఫై ఆరు నిమిషాలు తప్పు చేయకుండా నిలిచిన కాన్‌ను పడగొట్టడానికి లూయిస్‌కు కొన్ని క్షణాలే చాలాయన్నది కూడా అదే ఆధారంలో ఉంది.

దీనికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. గుద్దు బలం భుజంలో పుట్టదు. పాదం నేలను తన్నినప్పుడు మొదలై, తొడ, నడుము మీదుగా పిడికిలికి చేరుతుంది, కాబట్టి వెనుక ఉన్న శరీరభారం దానికి తోడవుతుంది. తల హఠాత్తుగా తిరిగినప్పుడు మెదడు కుదుపుకు లోనై స్పృహ తప్పుతుంది. మెడ లావుగా, బలంగా ఉన్నవాడి తల అంత తేలిగ్గా తిరగదు. చేతులు పొడవుగా ఉన్నవాడిని కొట్టాలంటే చిన్నవాడు ముందుగా ఆ చేతుల పరిధిలోకి అడుగు పెట్టాలి. ఇద్దరూ పట్టుకున్న ప్రతిసారీ భారీ మనిషి తన బరువును ఎదుటివాడి మెడ మీద మోపుతాడు, ఏడెనిమిది రౌండ్లకు చిన్నవాడి కాళ్లలో వేగం తగ్గిపోతుంది. 1934లో 83 కిలోల టామీ లాఫ్రన్ 122 కిలోల ప్రిమో కార్నెరాతో పదిహేను రౌండ్లూ నిలిచి పాయింట్లలో ఓడాడు. కార్నెరాను గొప్ప బాక్సర్ అని ఎవరూ అనరు. లాఫ్రన్ మాత్రం నేర్పుకు పెట్టింది పేరు.

తరవాతి కాలపు గెలుపులన్నీ మరో మార్గంలో వచ్చాయి: చిన్నవాళ్లు ముందు పెద్దవాళ్లయ్యారు. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ మైఖేల్ స్పింక్స్ 1985లో సుమారు 91 కిలోలకు పెరిగి, అప్పటిదాకా 48 పోరాటాల్లో ఓటమి ఎరుగని హెవీవెయిట్ ఛాంపియన్ లారీ హోమ్స్‌ను ఓడించాడు. హోమ్స్‌కు అప్పటికి 35 ఏళ్లు. ఆ స్పింక్స్‌నే 1988లో మైక్ టైసన్ 91 సెకన్లలో ముగించాడు. మిడిల్‌వెయిట్‌గా మొదలైన రాయ్ జోన్స్ 2003లో దాదాపు 88 కిలోల బరువుతో హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ రూయిజ్‌ను గెలిచాడు. 2024 మే నెలలో సుమారు 101 కిలోల ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ 119 కిలోల టైసన్ ఫ్యూరీని ఓడించినప్పుడు చిన్నవాడి విజయంగా ప్రపంచం చెప్పుకుంది గాని, ఉసిక్ ఆరడుగుల మూడంగుళాల మనిషి.

ఈ హద్దులు ఎంత నిజమైనవో మన జిల్లాల వాళ్లకు బాక్సింగ్ కన్నా వెయిట్‌లిఫ్టింగ్ ద్వారా బాగా తెలుసు. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో 75 కిలోలు దాటిన వారి విభాగంలో చైనాకు చెందిన డింగ్ మెయియువాన్ ఎత్తినది 300 కిలోలు. విభాగాలే లేకపోతే భారత మహిళలకు ఒలింపిక్స్‌లో దక్కిన తొలి పతకం ఉండేది కాదు. విజయనగరం దగ్గరి కొండవెలగాడ నుంచి వెళ్లి 2014 కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి విషయమూ అంతే. పెద్దవాళ్లను తప్పించుకోవడానికి బరువు విభాగాలు పెట్టారని చులకనగా మాట్లాడేవారు ఈ ఇద్దరినీ గుర్తు చేసుకోవాలి.

కనుక కుర్రాళ్ల ప్రశ్నకు జవాబు అంకెల్లోనే చెప్పాలి. 78 కిలోలవాడు 90 కిలోల మహా హెవీవెయిట్‌ను గెలవడం సాధ్యమే, కాన్ ఆ అంచుదాకా వెళ్లాడు. తేడా పదిహేను, ఇరవై కిలోలైతే, ఎదుటివాడు వయసు మళ్లినవాడో నేర్పు తక్కువవాడో అయితే గాని, లేదా చిన్నవాడు తానే హెవీవెయిట్ స్థాయికి పెరిగితే గాని, చరిత్రలో గెలుపు అరుదు. 51 కిలోల ఫ్లైవెయిట్, ఎంత ప్రతిభ ఉన్నా, ఉచ్చదశలోని లూయిస్ ముందు నిలబడలేడు. అలాంటి పోరును ఏ రెఫరీ మొదలు కానివ్వకూడదు, ఏ కోచ్ సాధనలోనైనా సరదాకైనా అనుమతించకూడదు.