కాంక్ ఊరు, సేంట్ ఫ్వా చర్చి: అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్ వచ్చే మనవాళ్లకు ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టడం నా పని. పారిస్ గురించి ఎవరూ పెద్దగా అడగరు, అంతా యూట్యూబ్‌లో చూసేసే వస్తారు. కాంక్ పేరెత్తితేనే ప్రశ్నలు మొదలవుతాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆవేరోన్ జిల్లా, దూర్దూ నది లోయకు పైన కొండవాలులో చిన్న ఊరు, పలకరాయి కప్పుల ఇళ్లు, వాటి మధ్య ఊరికి మించిన చర్చి. ఎక్కువగా వినిపించే అపోహలు ఇవీ.

అపోహ: "చర్చే కదా అన్నా, గంట చాలదా?"

వాస్తవం: చాలదండీ. ముఖద్వారం పైన అర్ధచంద్రాకారంలో ఒక శిల్పఫలకం ఉంది, 12వ శతాబ్దం మొదట్లోది, అంతిమ తీర్పు దృశ్యం, 124 బొమ్మలు. మధ్యలో క్రీస్తు, ఒకవైపు స్వర్గం, ఇంకోవైపు నరకం. క్రీస్తు కాళ్ల కింది వైపు చూడండి, దేవదూత మైకేల్, ఒక దయ్యం ఎదురెదురుగా నిలబడి ఆత్మల్ని త్రాసులో తూస్తుంటారు, ఆ దయ్యం మాత్రం తన వైపు తూకం దిగాలని వేలితో తట్టను నొక్కుతూ దొరికిపోతుంది. నరకంలో ఒక పిసినారి మెడలో డబ్బు సంచీతో ఉరికి వేలాడుతుంటాడు, గుర్రం మీద నుంచి తలకిందులుగా పడుతున్న యోధుడూ ఉన్నాడు. స్వర్గం వైపు చక్రవర్తి షార్లమేన్‌ని ఒక మఠాధిపతి చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంటాడు, రాజు గారు కాస్త జంకుతున్నట్టే కనిపిస్తాడు. ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి చుట్టూ ఉన్న కమాను అంచు వెనకాల దాక్కున్న 14 ముఖాలు, వేళ్లతో అంచు పట్టుకుని గోడ మీంచి పక్కింటి గొడవ చూస్తున్నట్టు తొంగి చూస్తుంటాయి, చెప్పకపోతే ఎవరూ గమనించరు. రాతి మీద అక్కడక్కడా నీలం, ఎరుపు రంగుల జాడలు కూడా మిగిలాయి, అంటే ఒకప్పుడు ఇదంతా రంగులతో మెరిసిపోయేది.

ఈ ద్వారం పడమర ముఖం. పొద్దున వచ్చి పదకొండుకల్లా బస్సెక్కే వాళ్లకు నీడలో ఉన్న రాయి కనిపిస్తుంది, సాయంత్రం ఎండ పడ్డప్పుడు చూసినవాళ్లకు బొమ్మలు ముడతలతో సహా కనిపిస్తాయి. అందుకే రాత్రికి అక్కడే ఉండమంటాను. సీజన్‌లో అయితే మఠం సన్యాసి ఒకరు బయటికొచ్చి ఈ శిల్పాలను వివరిస్తారు, తర్వాత లోపల ఆర్గాన్ వాయిస్తారు.

అపోహ: పాత చర్చి అంటే రంగురంగుల అద్దాల కిటికీలు ఉండాలి.

వాస్తవం: ఇక్కడ లేవు, చాలామంది లోపలికెళ్లి "ఇదేంటి, ప్లెయిన్ గ్లాసా?" అంటారు. ఆ 104 కిటికీలు పియేర్ సూలాజ్ చేసినవి, 1994లో పూర్తయ్యాయి. దగ్గర్లోని రొదేజ్‌లో పుట్టిన చిత్రకారుడు, జీవితమంతా నలుపుతో బొమ్మలు వేసినాయన, చిన్నప్పుడు ఈ చర్చి చూశాకే కళాకారుడు కావాలనుకున్నాడు. ఇవి బయటి దృశ్యం కనపడని పాల తెలుపు గాజు పలకలు, పొద్దున ఒక చోట నీలం ఛాయ, సాయంత్రం అదే చోట నారింజ ఛాయ. ఒక బల్ల మీద కూర్చుని ఫోను పక్కన పెట్టి చూడాలి. రంగుల గాజుకి అలవాటుపడ్డ కళ్లకు మొదట నచ్చకపోవచ్చు. నా మట్టుకు నాకు ఆ రాతికి ఇంతకన్నా సరిపోయేది ఇంకోటి తోచదు.

అపోహ: అంతా వెయ్యేళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది.

వాస్తవం: 1837లో రచయిత ప్రోస్పేర్ మెరిమే చారిత్రక కట్టడాల ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చి చూసేసరికి ఇది పాడుబడుతున్న కట్టడం. ఆయన పట్టుబట్టాకే మరమ్మతులు మొదలయ్యాయి, ముందు రెండు బురుజుల పైభాగాలు 19వ శతాబ్దంలో కట్టినవే.

అపోహ: సేంట్ ఫ్వా అవశేషాలు (పవిత్రంగా దాచే ఎముకలు) ఎవరో భక్తితో సమర్పించి ఉంటారు.

వాస్తవం: దొంగతనం! 866 ప్రాంతంలో కాంక్ సన్యాసి ఒకరు అజెన్ పట్టణంలోని మఠంలో చేరి, ఏళ్ల తరబడి అక్కడివాళ్ల నమ్మకం సంపాదించి, ఈ చర్చికి పేరిచ్చిన బాలిక ఫ్వా అవశేషాలను ఎత్తుకొచ్చాడని పాత కథనం. కాంక్ సన్యాసులు దీన్ని దాచలేదు సరికదా గొప్పగా రాసుకున్నారు. అవి వచ్చాకే యాత్రికులూ వచ్చారు, డబ్బూ వచ్చింది, ఈ చర్చీ లేచింది. ఆ అవశేషాల కోసం చేసిన బంగారు విగ్రహం ట్రెజరీలో, అంటే చర్చి నిధిని ఉంచిన ప్రదర్శనశాలలో చూడొచ్చు, దాని తల రోమన్ కాలం చివరిది. ఫ్రెంచ్ విప్లవ సమయంలో ఊరివాళ్లే ఈ నిధిని పంచుకుని ఇళ్లల్లో దాచి, తర్వాత తెచ్చి అప్పగించారు. చర్చికి టికెట్ లేదు, ట్రెజరీకి ఉంది.

అపోహ: చర్చి వాటికన్ ఆస్తి, వేరే మతంవాళ్లను రానివ్వరు.

వాస్తవం: మతాన్ని ప్రభుత్వం నుంచి వేరుచేసిన 1905 చట్టం తర్వాత ఫ్రాన్స్‌లో అంతకుముందు కట్టిన ఊరి చర్చిలు సాధారణంగా స్థానిక పంచాయతీవే. ఎవరైనా వెళ్లొచ్చు, చెప్పులు విప్పక్కర్లేదు, టోపీ తీస్తే చాలు. పూజ జరుగుతుంటే మాత్రం తిరక్కండి.

అపోహ: ఫ్రెంచ్ పల్లెల్లో జనం పొగరు.

వాస్తవం: షాపులోకి అడుగుపెట్టగానే "బోంజూర్" (నమస్కారం) అనండి. అనకుండా నేరుగా "హౌ మచ్" అంటే ముఖం మాడ్చుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అపోహ: తిండి ఎప్పుడైనా దొరుకుతుంది.

వాస్తవం: మన గుళ్లకు మధ్యాహ్నం తలుపులేస్తారు కదా, ఇక్కడ గుడి తెరిచే ఉంటుంది, వంటిల్లు మూస్తారు. పన్నెండు నుంచి రెండు లోపు తినకపోతే మళ్లీ రాత్రి ఏడు దాటాకే. శాకాహారులు ఆలిగో అడగండి, బంగాళదుంప, చీజ్, వెల్లుల్లి కలిపి సాగే ముద్దలా చేస్తారు, వేడివేడిగా బాగుంటుంది. మరీ పట్టింపు ఉన్నవాళ్లు మాత్రం ముందే తెలుసుకోండి, ఆ చీజ్ తయారీలో మామూలుగా జంతు రెన్నెట్ (దూడ కడుపులోంచి తీసే, పాలను విరగ్గొట్టే పదార్థం) వాడతారు.

ఊళ్లోకి రైలు లేదు, రొదేజ్ దాకా వచ్చి కారు తీసుకోవడమే తేలిక. కారు ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి నడవాలి. రాళ్లు పరిచిన ఏటవాలు సందులు, చక్రాల సూట్‌కేసు లాగలేరు, రాత్రికి కావలసినవి బ్యాక్‌ప్యాక్‌లో వేసుకోండి. ఆదివారాలు పల్లె పెట్రోలు బంకుల్లో మనుషులుండరు, చిప్పు, పిన్ ఉన్న కార్డు దగ్గరుంచుకోండి, శనివారమే ట్యాంకు నింపుకుంటే అసలు టెన్షనే ఉండదు.