కోబేలో ఉద్యోగమంటే యకుజా భయమా? అపోహలు - వాస్తవాలు

జపాన్ వచ్చే మనవాళ్ళకు ఇంటి అగ్రిమెంట్లు, బ్యాంకు కాగితాలు చదివిపెట్టడం నా పని. అబ్బాయికి కోబేలో పోస్టింగ్ అనగానే ఇంట్లోవాళ్ళు జీతం కంటే ముందు యామగుచి-గుమి గురించి అడుగుతారు. యకుజా అంటే జపాన్ మాఫియా ముఠాలు, వాటిలో అతిపెద్దది ఇదే. అంతా యూట్యూబ్ చలవ.

అపోహ: అది సమురాయ్ వంశం, నాయకత్వం రక్తసంబంధంతోనే వస్తుంది.

వాస్తవం: 1915లో కోబే రేవు కూలీలను పోగేసి హరుకిచి యామగుచి పెట్టిన ముఠా అది. కొడుకు నొబొరు దగ్గరే వారసత్వం ఆగిపోయింది. 1946లో పగ్గాలు పట్టి, ముఠాను దేశమంతా పాకించిన కజువో తావొకాకు ఆ ఇంటితో చుట్టరికమే లేదు. 1981లో ఆయన పోయాక కుర్చీ కోసం కొట్లాట మొదలైంది. 1984లో మసహిసా తకెనకా నాలుగో నాయకుడయ్యాడు. అది నచ్చనివాళ్ళు ఇచివా-కై పేరుతో విడిపోయి, మరుసటి జనవరిలో అతన్ని ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర కాల్చారు. ప్రస్తుత ఆరో నాయకుడు షినోబు త్సుకాసా 2005లో వచ్చాడు. ఆ ఏడాదే తుపాకుల కేసులో జైలుకెళ్ళి 2011లో బయటపడ్డాడు. అతనిది నగోయా నగరపు వర్గం. ఆ పెత్తనం, నెలనెలా కట్టాల్సిన చందాలు భరించలేక 2015లో కోబే పాతకాపులు చాలామంది చీలిపోయారు. వంశగౌరవం ఎక్కడుందో మీరే చెప్పండి.

అపోహ: అంతా రహస్యం, పోలీసులకు అంతుపట్టదు.

వాస్తవం: 1992 నుంచి అమల్లో ఉన్న చట్టం కింద ఈ ముఠాలను ప్రభుత్వమే పేరుపెట్టి ప్రకటిస్తుంది. ఆఫీసు ఎక్కడో, నాయకుడెవరో అందరికీ తెలుసు. 1963లో దేశంలోని ముఠాలన్నిటిలో కలిపి లక్షా 84 వేల మంది ఉంటే, 2024 చివరికి 18,800 మందే మిగిలారు. బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, సెల్‌ఫోన్ కూడా వాళ్ళకు దొరకడం కష్టం. అందుకే మీ అగ్రిమెంట్‌లోనూ 'సంఘవిద్రోహ శక్తులతో నాకు సంబంధం లేదు' అనే క్లాజు ఉంటుంది. గుంటూరు కుర్రాడొకడు అర్ధరాత్రి దాని ఫోటో పంపాడు: "అన్నా, నన్ను రౌడీ అనుకుంటున్నారా?" లేదు తమ్ముడూ, అది అందరి చేతా సంతకం పెట్టిస్తారు. టెన్షన్ పడకు.

అసలు కొంప ముంచేది ఇంకోటి: "నల్ల సూటు, టాటూ ఉన్నవాడే ప్రమాదం." ఇప్పుడు మోసాలు ఎక్కువగా చేస్తున్నవి సోషల్ మీడియాలో మనుషుల్ని పోగేసే, పేరూ ఊరూ లేని గుంపులు. వాళ్ళకు కావాల్సింది మీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్. ఇండియా వెళ్ళిపోయే ముందు "ఎలాగూ వాడవు కదా, ఖాతా నాకిచ్చెయ్, డబ్బులిస్తా" అని అడిగేవాడు మీలాంటి స్టూడెంటే అయ్యుంటాడు. నవ్వుతూ అడుగుతాడు. ఇచ్చారా, అదే నేరం. ఆ ఖాతాలో ఏ ముసలావిడ పెన్షన్ డబ్బో పడితే పోలీసులు ముందు వెతికేది మిమ్మల్నే. మళ్ళీ వీసా మీద ఆశ వదులుకోవాల్సిందే. నా దగ్గరికి ఇలాంటి కేసు వచ్చేసరికి, చదివిపెట్టడానికి పోలీసు నోటీసే మిగులుతుంది. బ్రాంచికి వెళ్ళి ఖాతా మూసేయండి, కార్డు అక్కడే ఇచ్చేయండి.

కోబే భూకంపమప్పుడు యకుజావాళ్ళు అన్నం పెట్టారు కాబట్టి మంచోళ్ళే అంటారా? 1995లో పంచిన మాట నిజమే. దోచిన డబ్బుతో పంచారు.

ఇక మీ టాటూ సంగతి. దాని కోసం ఎవరూ అరెస్టు చేయరు. వేడినీటి స్నానశాలల్లోకి మాత్రం కొన్నిచోట్ల రానివ్వరు. చిన్నదైతే స్టిక్కర్ అంటించుకోమంటారు, అంతే.