ఆగస్టు 29న వచ్చే దినోత్సవాలు: అపోహలు - వాస్తవాలు

దినపత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను కూర్చడం నా వృత్తిలో భాగం. ఆగస్టు నెలాఖరు దగ్గరపడేసరికి పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవారి నుంచీ, పాఠశాలల్లో కార్యక్రమాలు జరపవలసిన ఉపాధ్యాయుల నుంచీ ఏటా ఒకే ప్రశ్న వస్తుంది: ఆగస్టు 29న ఏయే దినోత్సవాలు వస్తాయి? ఫోన్లలో తిరిగే జాబితాల్లో ఆగస్టు 29 కింద తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం, అంతర్జాతీయ అణుపరీక్షల వ్యతిరేక దినోత్సవం ఉంటాయి. వాటి సరసనే జాతీయ నిమ్మరస దినోత్సవం, చాప్ సూయ్ (అమెరికాలో పేరున్న చైనా తరహా వంటకం) దినోత్సవం కూడా ఉంటాయి. వీటన్నిటినీ ఎవరో ఒక అధికారిక సంస్థ ప్రకటించిందనే నమ్మకంతోనే అందరూ అడుగుతారు.

చదువుకునే పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే: పేరుకు ముందు ‘జాతీయ’ అనో ‘ప్రపంచ’ అనో ఉంటే ప్రభుత్వ ముద్ర పడినట్టేనని అనుకోవడం. వాస్తవం అది కాదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానం చేసిన దినాలు ఒక రకం. ప్రభుత్వాలు ప్రకటించినవి రెండవ రకం. చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన ఆగస్టు 23ను కేంద్రం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించడం ఇందుకు ఉదాహరణ. వ్యాపార సంఘాలు, కంపెనీలు, ఉత్సాహవంతులైన వ్యక్తులు తమంతట తాము పెట్టుకున్నవి మూడవ రకం. నిమ్మరస దినోత్సవం ఈ మూడవ రకానికి చెందినది; పైగా అందులోని ‘జాతీయ’ అనే మాట అమెరికాకు సంబంధించినదే తప్ప మన దేశానికి సంబంధించినది కాదు.

అమెరికాలో ఇలాంటి దినాలు పుట్టుకురావడానికి కారణముంది. అక్కడి కాంగ్రెస్ సభ్యులు ఒకప్పుడు స్మారక దినాల కోసం విపరీతంగా బిల్లులు పెట్టేవారు. 1995లో ప్రతినిధుల సభ తన నిబంధనలు మార్చి వాటికి అడ్డుకట్ట వేసింది. అంతకు చాలా ముందే, 1957లో, మిషిగన్ రాష్ట్రానికి చెందిన చేజ్ సోదరులు ఏ రోజున ఏ వేడుక ఉందో చెప్పే వార్షిక గ్రంథాన్ని ప్రారంభించారు. 2013లో నార్త్ డకోటాలో ఒక ప్రైవేటు సంస్థ ‘నేషనల్ డే క్యాలెండర్’ పేరుతో ఇదే పనిని అంతర్జాలంలో మొదలుపెట్టింది. అక్కడి ఆహార దినాలను ఎవరో తెలుగులోకి దించుతారు, మరొకరు వాటిని ప్రశ్నల నిధిలో చేర్చి అమ్ముతారు.

గ్రూప్-2కు సిద్ధమవుతున్న ఒక అమ్మాయి ఒక రాత్రి ఫోన్ చేసి, “మేడమ్, నిమ్మరసం కూడా బట్టీ పట్టాలా?” అని అడిగినప్పుడు ఆమె గొంతులో వణుకు వినిపించింది. శిక్షణ కేంద్రం ఇచ్చిన జాబితాలో ఏది వదిలితే ఏ మార్కు పోతుందోనని ఆమె భయం. తప్పు జవాబుకు మార్కు కోత ఉన్న పరీక్షలో ఆ భయం సహజమైనదే, ఆమెను నేను ఏమాత్రం తప్పుపట్టను. ఎవరు ప్రకటించారన్న ఒక్క ప్రశ్న వేసుకోకుండా జాబితాలు అచ్చువేసేవారి మీదనే నా కోపమంతా. ప్రకటించిన సంస్థ పేరు లేని దినాలన్నిటినీ కొట్టివేయమని ఆమెకు చెప్పాను. పుస్తకంలో ఆ పేజీ సగానికి సగం ఖాళీ అయింది.

మిగిలినవాటిలో తడబాటు సంవత్సరాల దగ్గర వస్తుంది. అణుపరీక్షల వ్యతిరేక దినం హిరోషిమాకు సంబంధించినదని చాలామంది రాస్తారు. హిరోషిమా మీద బాంబు పడింది ఆగస్టు 6న. ఆగస్టు 29ని ఎంచుకున్నది కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్ పరీక్షా కేంద్రం 1991లో అదే తేదీన మూతపడినందుకు. సోవియట్ యూనియన్ తన తొలి అణుబాంబును 1949లో పరీక్షించినది కూడా అక్కడే, అదే తేదీన. ఐక్యరాజ్యసమితి తీర్మానం 2009 డిసెంబరులో వచ్చింది, తొలిసారి పాటించింది 2010లో. ప్రశ్నలో అడిగినది మూసివేతా, తీర్మానమా, తొలి ఆచరణా అన్నది చూసుకోకుండా సంవత్సరం గుర్తించకూడదు.

చాప్ సూయ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చైనా రాజనీతిజ్ఞుడు లీ హోంగ్‌జాంగ్ 1896 ఆగస్టు 29న న్యూయార్క్‌లో ఉండగా ఆయన వంటవాడు దాన్ని కనిపెట్టాడన్నది కట్టుకథ. 1880ల నాటి అమెరికా పత్రికల్లోనే ఆ వంటకం ప్రస్తావన ఉంది. జాతీయ క్రీడా దినోత్సవం 1905లో పుట్టిన హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జయంతి అన్నది నిజమే, కానీ అందువల్ల హాకీ మన జాతీయ క్రీడ కాదు; ఏ క్రీడకూ ఆ హోదా ఇవ్వలేదని కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు సమాధానమిచ్చింది.

తెలుగు భాషా దినోత్సవాన్ని ఫిబ్రవరి 21తో కలిపివేయడం మరొక పొరపాటు. ఫిబ్రవరి 21 యునెస్కో 1999లో ప్రకటించిన అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, దాని మూలం బెంగాలీ భాష కోసం ఉద్యమించినవారిపై 1952లో ఢాకాలో జరిగిన కాల్పులు. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి జయంతి. ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. ఆయన వ్యాకరణాన్నే వద్దన్నారని వేదికల మీద విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆయన కోరింది శిష్టులు మాట్లాడే వ్యావహారికం పాఠ్యపుస్తకాల్లోకి రావాలని. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చినది కూడా ఆయనే. ఆగస్టు నెలాఖరున పాఠశాలల్లో ప్రసంగించేవారు ఆ సవర కృషి గురించి కూడా పిల్లలకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.