ట్రైలర్‌లో కాపురం: లాగే బరువు వేరు, మోసే బరువు వేరు

“మా బండి మూడున్నర టన్నులు లాగుతుంది, ఈ ట్రైలర్ రెండున్నర టన్నులే. ఇంకో టన్ను మిగిలే ఉంది కదా!” ట్రావెల్ ట్రైలర్‌లోనే, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంట్లోనే, ఉండిపోదామనుకునేవాళ్లు వేసే లెక్క ఇది. జేబుకు పెద్ద చిల్లు పెట్టేదీ ఇదే.

బ్రోచర్‌లోని 2,500 కిలోలు డ్రై వెయిట్. అందులో నీళ్లుండవు, సామానుండదు, చాలాసార్లు బ్యాటరీ కూడా ఉండదు. 150 లీటర్ల ట్యాంకు నింపితేనే 150 కిలోలు. ఏడాది పొడవునా ఉండేవాళ్లు ఇల్లంతా ఎక్కిస్తారు కాబట్టి చూడాల్సింది జీవీడబ్ల్యూఆర్, అంటే సామానంతా ఎక్కించాక ట్రైలర్ ఉండదగ్గ గరిష్ఠ బరువు. అది 3,400 అనుకుందాం.

అసలు దెబ్బ మోయడంలో తగులుతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) మీద, అంటే మీ బండి నెత్తిన పడుతుంది. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. 13 శాతం వేసుకుంటే 442 కిలోలు. హిచ్ సరంజామా 40, ఇద్దరు మనుషులు 150. వెరసి 632. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద పేలోడ్ (బండి మోయగల బరువు) 600 అని ఉంటే కథ అక్కడికి సరి. టూల్‌బాక్సు ఇంకా ఎక్కనేలేదు!

టంగ్ వెయిట్ తగ్గిద్దామని సామానంతా వెనక్కి సర్దకండి. 10 శాతం లోపుకి పడిపోతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టి బండినే తిప్పేస్తుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే పేలోడ్ పెరుగుతుందన్నదీ వట్టిమాటే. అది బరువును ముందు ఇరుసుకూ ట్రైలర్ ఇరుసులకూ పంచుతుంది, స్టిక్కర్ మీది అంకెను మార్చదు.

ఇప్పటికే కొనేసినవాళ్లు కంగారుపడొద్దు, ముందు కాటా వేయించండి. బండిని ఒక్కదాన్నే తూచండి. తర్వాత ట్రైలర్ తగిలించి, బరువు పంచే హిచ్ బార్లు బిగించకుండా, బండి చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా తూచండి. తేడాయే టంగ్ వెయిట్. ట్యాంకు ఇరుసులకు ముందుంటే ఖాళీగా ప్రయాణించి, దిగేచోట నింపుకుంటే కొంత తగ్గుతుంది. వెనకుంటే ఖాళీ చేసినకొద్దీ ముందు బరువు పెరుగుతుంది, జాగ్రత్త.

మిగతావి గబగబా. “ఫోర్ సీజన్” (చలికాలంతో సహా అన్ని కాలాలకూ పనికొస్తుంది) అన్న స్టిక్కర్‌కు అందరూ ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు. అడుగున ట్యాంకులకు వేడి అందుతుందా అని అడగండి. కాపురానికే వాడితే కొన్ని వారంటీలు చెల్లవు, కాగితం చదవండి. టైర్ల అరుగుదలతో పాటు వయసూ చూడాలి: పక్కన నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ.

రబ్బరు రూఫ్ కారదనే భరోసా వద్దు. నీళ్లు దిగేది రూఫ్ షీటులోంచి కాదు, వెంట్ల చుట్టూ, అంచుల్లో పగిలిన సీలెంట్‌లోంచి. పాత ట్రైలరైతే లోపల మూలల్లో, కిటికీల కింద గోడను బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోతే బేరం ఆపేయండి.