పొట్ట కదలికా, కణితి కదలికా?

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రేడియేషన్‌ను రోగి శ్వాసకు తగ్గట్టు ఆపుతూ, వదులుతూ ఇచ్చే గేటింగ్ పద్ధతిని అందరికీ తప్పనిసరి చేయాలా అన్న వాదన మళ్లీ ముదిరింది. 1989లోనే జపాన్ వైద్యులు ఈ పద్ధతిని ప్రకటించిన సంగతి తెలిసిందే. ఇప్పటి తగాదాకు బీజం పడింది మాత్రం మరో పదేళ్ల తర్వాత, యంత్రం దేన్ని చూసి శ్వాసను గుర్తించాలన్న దగ్గర దారులు చీలినప్పుడు.

ఒక దారి సులువైనది. రోగి పొట్టమీద మెరిసే చుక్కలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా పెడితే, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా దాని కదలికను గమనిస్తూ, అది నిర్ణీత ఎత్తులో ఉన్నంతసేపే కిరణాన్ని వదలనిస్తుంది. ఒంట్లోకి ఏదీ చొప్పించనక్కరలేదు.

హొక్కైడో విశ్వవిద్యాలయంలో హిరోకి షిరాటో బృందం పట్టిన దారి వేరు. కణితి దగ్గర 2 మి.మీ. బంగారు గుండును అమర్చి, సెకనుకు 30 సార్లు ఎక్స్‌రేతో దాన్ని చూస్తూ, అది ఉండవలసిన చోటికి వచ్చినప్పుడే కిరణాన్ని వదిలారు. అదనపు ఎక్స్‌రే మోతాదు, గుండు జారిపోయే ప్రమాదం ఇందులోని ఇబ్బందులు. అయితే 20 మంది రోగుల్లో ఆ గుండ్ల జాడను కొలిచి 2002లో వెలువరించిన ఫలితాలు తేల్చింది చిన్న విషయమేమీ కాదు. ఊపిరితిత్తి కింది భాగంలో, దేనికీ అతుక్కోకుండా ఉన్న కణితులు సగటున 12 మి.మీ. మేర పైకీ కిందికీ కదిలాయి. దాదాపు సగం కణితులు ఊపిరి తీసేటప్పుడు ఒక దారిన వెళ్లి, వదిలేటప్పుడు 1 నుంచి 5 మి.మీ. పక్కగా మరో దారిన తిరిగి వచ్చాయి. అంటే పొట్టమీది డబ్బా ఒకే ఎత్తులో ఉన్నా, లోపల కణితి రెండు వేర్వేరు చోట్ల ఉండవచ్చు.

గేటింగ్ అనవసరమనే వారి లెక్క వేరు: కణితి తిరిగే మేరంతా లక్ష్యంలో కలుపుకుంటే చాలు, సిట్టింగ్ సమయం పెరగదు, 30 సిట్టింగుల్లో చిన్న తేడాలు సగటున సర్దుకుంటాయి. మూడు నుంచి ఐదు సిట్టింగుల్లోనే పెద్ద మోతాదు ఇచ్చే నేటి చికిత్సలో ఆ ఊరట ఎంతవరకు నిలుస్తుందో వారే చెప్పాలి.

అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2006లో సూచించిన 5 మి.మీ. హద్దును ఇరుపక్షాలూ ఉటంకిస్తున్నాయి. కదలిక అంతకు మించితే, రోగి తట్టుకోగలిగితే, శ్వాసను లెక్కలోకి తీసుకునే ఏదో ఒక పద్ధతి వాడాలన్నది ఆ సూచన. అక్కడ 5 మి.మీ. అన్నది కణితి కదలికకు చెప్పిన కొలత, పొట్టమీది డబ్బాకు కాదు.