తక్కువ ధరలో బరువైన ఇంకు పెన్ను: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

విజయవాడ వన్ టౌన్‌లో ఇంకు పెన్నులు అమ్మడం, పాడైనవి బాగుచేయడం నా పని. ఈమధ్య "కాస్త బరువున్నది చూపించండి, రోజూ రాసుకోడానికి, మరీ ఎక్కువ రేటు వద్దండి" అని అడిగేవాళ్లు బాగా పెరిగారు. సీఏ చదివే పిల్లలు, గ్రూప్స్ మెయిన్స్‌కి రాత ప్రాక్టీసు చేసేవాళ్లు, రిటైరయ్యాక మళ్లీ డైరీ మొదలుపెట్టిన మాస్టార్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్లు, అందరూ వస్తారు. అడిగేది ఒకటే గానీ ఒక్కొక్కరికీ ఒక్కో నమ్మకం, వాటిలో సగం వాట్సాప్‌లో చదివినవి, మిగతా సగం తాతగారి కాలం నుంచి నడుస్తున్నవి. రోజూ నోటితో చెప్పేదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బరువు పెన్నుతో రాస్తే చెయ్యి నొప్పి పుడుతుంది

చెయ్యి నొప్పి పుట్టేది ఎక్కువగా నొక్కడం వల్ల, పెన్నును బిగించి పట్టుకోవడం వల్ల. బాల్ పెన్నులో చిక్కటి పేస్టు లాంటి ఇంకు ఉంటుంది, కొసన ఉన్న గుండు దొర్లితేనే అది కాగితం మీదికి వస్తుంది, అది దొర్లాలంటే నొక్కాలి. చిన్నప్పటి నుంచి అలా నొక్కి నొక్కి రాసిన చెయ్యి ఇంకు పెన్ను పట్టుకున్నా అలాగే నొక్కుతుంది. ఇక్కడ ఆ అవసరమే లేదు. పాళీ మధ్యలో ఉన్న సన్నటి చీలిక, దాని కింద నల్లగా ఉండే నాలిక, అదే ఫీడ్, ఈ రెండూ ఇంకును తమంతట తామే కొసకి తెస్తాయి, పాళీ కాగితాన్ని తాకితే చాలు గీత పడుతుంది. కాస్త బరువున్న పెన్ను అయితే ఆ తాకడం కూడా దాని బరువే చూసుకుంటుంది, మీరు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆనించి నడిపిస్తే సరిపోతుంది.

అయితే ఇది పెన్నును వాలుగా పట్టుకునేవాళ్ల మాట. నిటారుగా నిలబెట్టి వేళ్ల కొసలతో రాసే అలవాటుంటే బరువంతా వేళ్ల మీదే పడుతుంది, అరగంటకే తెలిసిపోతుంది. అలాంటివాళ్లకీ, చిన్న చేతులున్న పిల్లలకీ, మూడు గంటలు ఆపకుండా పరీక్ష రాసేవాళ్లకీ నేను 20 నుంచి 25 గ్రాముల లోపే చూపిస్తాను. మామూలు ప్లాస్టిక్ బాల్ పెన్ను పది గ్రాముల లోపే తూగుతుంది కాబట్టి వాళ్ల చేతికి అదే బోలెడు బరువు.

అపోహ: బరువెక్కువైతే పెన్ను గట్టిది, మన్నిక ఎక్కువ

ఇదొక్కటి పోతే సగం బేరాలు సులువైపోతాయి. బరువు వచ్చేది లోహం వల్ల. ఇత్తడి ఘనపు సెంటీమీటరుకు 8.5 గ్రాములుంటే అల్యూమినియం 2.7, ఎబొనైట్ అంటే గట్టిపరిచిన రబ్బరు, అదీ యాక్రిలిక్ ప్లాస్టిక్ లాంటివీ 1.2 దగ్గర ఉంటాయి. అంటే ఒకే సైజు పెన్ను ఇత్తడితో చేస్తే చేతిలో ఇటుకలా ఉంటుంది, ఎబొనైట్‌తో చేస్తే ఉన్నట్టే తెలీదు. మరి మన్నిక? రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం వారి ఎబొనైట్ పెన్నులు తీసుకోండి, గాంధీజీ 1935లో ఉత్తరం రాసి మరీ మెచ్చుకున్న పెన్నులవి. లావుగా ఉంటాయి, తూకం మాత్రం తక్కువ. తాతల కాలం నాటి ఎబొనైట్ పెన్నులు ఇప్పటికీ నా దగ్గరకి వస్తుంటాయి, పాళీ మార్చి కడిగిస్తే మళ్లీ రాస్తాయి.

బరువు పెన్నుకి ఉన్న చిక్కు ఇంకోటి, కింద పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. బైకు స్టాండు వేయడానికి వంగినప్పుడు చొక్కా జేబులోంచి జారిన పెన్ను పాళీ వైపు పడిందంటే ఇక నా దగ్గరకి రావాల్సిందే. పల్చటి కాటన్ చొక్కా జేబు 50 గ్రాముల పెన్నును నిలబెట్టలేదు, ఒక పక్కకి వేలాడుతుంది. కొనేటప్పుడు క్లిప్పు ఎంత గట్టిగా పట్టుకుంటుందో జేబుకి పెట్టి చూడండి, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో సంగతి. కొన్ని చవక పెన్నుల్లో బాడీ అంతా ప్లాస్టిక్కే ఉంటుంది, వెనక కొసన లోపల ఒక లోహపు ముక్క బిగించి తూకం పెంచుతారు. చేతిలోకి తీసుకోగానే "ఆహా, ఏం బరువు" అనిపిస్తుంది, రాస్తుంటే తోక కిందికి లాగుతుంది.

అపోహ: గ్రాములు చూసుకుంటే చాలు

చాలదు. గ్రాములు ఎన్ని అని కాకుండా ఎక్కడున్నాయి అని అడగాలి. ఆన్‌లైన్‌లో రాసే బరువు దాదాపు ఎప్పుడూ క్యాపుతో కలిపే ఉంటుంది. ఉదాహరణకి జిన్హావో 159 ఇత్తడి పెన్ను, చైనాది, మన దగ్గర వెయ్యి లోపే దొరికే వాటిలో బాగా బరువైనది, మొత్తం 50 గ్రాముల దగ్గర తూగుతుంది. క్యాపు తీసి పక్కన పెడితే చేతిలో మిగిలేది 30 గ్రాముల అటూ ఇటూ, అది చాలామందికి హాయిగానే ఉంటుంది. అదే పెన్నుకి క్యాపు వెనక తగిలించి రాశారో, ఆ బరువంతా తోక మీదికి పోయి పాళీ గాల్లోకి లేస్తానంటుంది, దాన్ని కిందికి పట్టి ఉంచడానికి వేళ్లు బిగుస్తాయి, చివరికి నొప్పి. తర్వాత "బరువు పెన్ను నాకు పడలేదండి" అని తిరిగి తెస్తారు. పెన్ను తప్పు కాదది, క్యాపు తీసి బల్ల మీద పెట్టుకుని రాయమంటే చాలామందికి అదే పెన్ను కుదిరిపోతుంది.

షాపులో చూసుకునే పద్ధతి చెబుతాను. క్యాపు తీసిన పెన్నును చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ఎక్కడ నిలబడుతుందో అది సమతూకం ఉన్న చోటు. అది పెన్ను మధ్యలోనో, అంతకంటే కాస్త పాళీ వైపుకో ఉంటే కొనండి. బాగా వెనక్కి ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. లోపల ఇంకు నిండితే తేడా వస్తుందేమో అని అడుగుతారు, మామూలు కన్వర్టర్‌లో, అంటే పెన్ను లోపల బిగించి ఇంకు లాగే చిన్న గొట్టంలో, పట్టేది ఒక మిల్లీలీటరు లోపే, అంటే గ్రాము కూడా ఉండదు.

కాస్త బరువు కావాలి గానీ మరీ 159 అంత లావూ బరువూ వద్దు అనుకుంటే అదే కంపెనీ ఎక్స్450, ఎక్స్750 ఉన్నాయి. ఎక్స్450కి పట్టుకునే చోట మూడు పలకలుగా ఉంటుంది, వేళ్లు సరిగ్గా అక్కడ కూర్చునేవాళ్లకి బాగుంటుంది, పెన్ను కొంచెం తిప్పి పట్టుకునేవాళ్లకి అస్సలు పడదు. ఎక్స్750 గుండ్రంగా ఉంటుంది, ఎటు తిప్పి పట్టుకున్నా సర్దుకుపోతుంది కాబట్టి తెలియని చేతికి నేను దాన్నే ఇస్తాను. వెయ్యి దాటగలిగితే పైలట్ మెట్రోపాలిటన్, ఇత్తడి బాడీ, 26 గ్రాములు, పాళీ విషయంలో అంతగా టెన్షన్ ఉండదు. ఒక్క తిరకాసు ఏంటంటే దాని కన్వర్టర్ పైలట్‌దే కావాలి, వేరేవాటివి పట్టవు.

అపోహ: ఒళ్లంతా లోహమైతే ఇంకా మంచిది

హిమాలయాల్లో అయితే మంచిదేమో. మే నెలలో బీసెంట్ రోడ్డులో నడిచొచ్చి, అదే చేత్తో నున్నటి క్రోమ్ పూత ఉన్న పెన్ను పట్టుకుని ఒక పేజీ రాయండి, చెమటకి వేళ్లు కిందికి జారి పాళీ మీదకి వచ్చేస్తాయి. జారకుండా ఉండాలని బిగించి పట్టుకుంటారు, మళ్లీ నొప్పి. మన గుంటూరు, విజయవాడ వాతావరణానికి బాడీ లోహంగా ఉండి, పట్టుకునే చోటు ప్లాస్టిక్‌గానో, గరుకుగానో ఉన్నది చూసుకోవడం మంచిది. పూత లేని వట్టి ఇత్తడి పెన్నులు చూడ్డానికి భలే ఉంటాయి గానీ చెమట తగిలితే రంగు మారి, వేళ్లకి ఇత్తడి వాసన అంటుకుంటుంది, కొందరికి అదే ఇష్టం, వాళ్ల సంగతి వేరు.

లోహపు బాడీలోకి నేరుగా ఇంకు పోసి వాడొచ్చా అని కూడా అడుగుతారు. వద్దు. పాత ఎబొనైట్ పెన్నుల్లో ఫిల్లర్‌తో ఇంకు పోసేవాళ్లు, వాటికి అది సరే. ఇత్తడిని ఇంకు తినేస్తుంది, పైగా లోహం చేతి వేడిని వెంటనే లోపలికి పంపిస్తుంది, లోపలి గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది, పెన్ను కక్కుతుంది. ఇంకు అడుగంటి గాలి ఎక్కువయ్యేకొద్దీ ఇంకా కక్కుతుంది. బరువు పెన్నుకి కన్వర్టరే దారి, కొనేముందు అది ఊడి వస్తుందా లేదా, విడిగా దొరుకుతుందా లేదా అడగండి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు ట్యాంకు సంచిలో ఏ ఇంకు పెన్నూ పెట్టొద్దు.

అపోహ: మీడియం పాళీ అందరికీ సరిపోతుంది

ఇంగ్లీషు రాసేవాళ్లకి సరిపోవచ్చు. తెలుగు అక్షరానికి లోపల ఖాళీలు చిన్నవి, కింద ఒత్తులు, పైన తలకట్లు, గుడులు. చిన్న రూళ్ల నోటుబుక్కులో మీడియంతో "క్ష", "ఘ", "ఠ" రాస్తే లోపలి ఖాళీ ఇంకుతో పూడిపోతుంది, ఒత్తు పోయి కింది లైనులో తగులుకుంటుంది. రోజూ తెలుగు రాసేవాళ్లకి ఫైన్ పాళీయే ఇస్తాను, జపాన్ వాళ్ల ఫైన్ అయితే ఇంకా సన్నం. సంతకాలకి మాత్రమే అంటే మీడియం తీసుకోండి, దర్జాగా ఉంటుంది.

ఇక పరీక్షించడం. నూటికి తొంభైమంది షాపులో సంతకం పెట్టి చూస్తారు. సంతకం వేగంగా పడుతుంది, పాళీలో ఉన్న లోపమంతా ఆ వేగంలో దాక్కుంటుంది. మన అక్షరాలు గుండ్రం, పాళీ పైకి, కిందికి, ఎడమకి, కుడికి అన్ని వైపులా తిరగాలి. మెల్లగా పడుకోబెట్టిన ఎనిమిదులు గీయండి, తర్వాత "ళ", "ణ", "ఱ" పది పది రాయండి. పైకి వెళ్లేటప్పుడు గీరుకుంటుంటే పాళీ రెండు రేకులూ సమంగా లేవని అర్థం, పది రెట్లు చూపించే భూతద్దంలో అది కనిపిస్తుంది, వేలి గోటితో కొద్దిగా సర్దితే చాలాసార్లు పోతుంది, అమ్మినవాణ్నే చేయమనండి. అక్షరం మొదలుపెట్టగానే గీత పడకుండా, కాస్త జరిగాక పడుతుంటే కొసను మరీ నున్నగా అరగదీశారని, దాన్ని సరిచేయడం అంత తేలిక కాదు, వేరేది తీసుకోండి. చవక పెన్నుల్లో ఒకే మోడల్, ఒకే పెట్టెలోవి కూడా ఒక్కోటి ఒక్కోలా రాస్తాయి. అందుకే కుదిరితే చేత్తో చూసి కొనమంటాను, నా షాపులోనే అని కాదు, ఎక్కడైనా.

చిన్నవి, గబగబా

బంగారం పాళీ లేకపోతే దండగ అంటారు. 14 క్యారెట్ల పాళీలో బంగారం 58.5 శాతం, పూర్వం ఇంకుల్లో ఆమ్లం ఎక్కువ కాబట్టి తుప్పు పట్టకుండా బంగారం వాడారు. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు ఆ పని చేస్తుంది, కాగితాన్ని తాకే కొసన రెండింటికీ వేరే గట్టి మిశ్రలోహమే అతుకుతారు. వెయ్యి రూపాయల్లో బంగారం అంటే అది పూత.

పాళీ మీద "ఇరిడియం పాయింట్ జర్మనీ" అని ఉంటే పెన్ను జర్మనీది అనుకోవద్దు. చైనా పెన్నుల మీదా అదే ముద్ర ఉంటుంది.

ఇంకొకళ్లు రాస్తే పాళీ పాడైపోతుందా? ఒక సంతకానికి ఏమీ కాదు. కానీ బాల్ పెన్ను అలవాటుతో నొక్కి రాసే బావమరిదికి ఇస్తే రేకులు విచ్చుకుంటాయి, అది నిజమే.

ఇంకు చిక్కబడిందని నీళ్లు కలిపితే రంగు పలచబడటమే కాదు, బూజు పట్టకుండా వేసే మందు కూడా పలచబడుతుంది, మన ఉక్కకి సీసాలో బూజు పెరుగుతుంది. డ్రాయింగ్ ఇంకు, స్టాంపు ప్యాడ్ ఇంకు, ప్రింటర్ ఇంకు పోయొద్దు. కామెల్, బ్రిల్, సులేఖ లాంటి ఇంకు పెన్ను ఇంకులు చాలు. రాయల్ బ్లూ నీళ్లు పడితే కొట్టుకుపోతుంది, దస్తావేజులకి వాడకండి.

కాగితం సంగతీ అంతే. పెన్ను ఎంత మంచిదైనా పల్చటి నోటుబుక్కు మీద ఇంకు ఈకలుగా పాకుతుంది, వెనక పేజీకి దిగుతుంది. 70 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 70 గ్రాముల, పైన ఉన్నది చూసుకుని, అదే కాగితం ముక్క షాపుకి తెచ్చుకుని పెన్ను పరీక్షించండి.

ఓఎంఆర్ షీటుకి బాల్ పెన్నే. ఇంకు పెన్ను తీయకండి.

అపోహ: కొత్త పెన్ను ఇంకు నింపగానే రాయకపోతే డిఫెక్టు పీసు

తయారీలో వాడిన నూనె జిడ్డు ఫీడ్‌లో మిగిలి ఉంటే ఇంకు సరిగా దిగదు, ముఖ్యంగా చవక పెన్నుల్లో. గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక్క చుక్క వేసిన చల్లటి నీళ్లు కన్వర్టర్‌తో లోపలికి లాగి వదలండి, తర్వాత వట్టి నీళ్లతో నురగ పోయేదాకా కడగండి, పాళీని టిష్యూ మీద కిందికి ఆనించి ఒక రాత్రి ఆరనివ్వండి. స్పిరిట్ వాడొద్దు, వేడి నీళ్లు వాడొద్దు. మళ్లీ బిగించేటప్పుడు బలం చూపించొద్దు, చాలా లోహపు పెన్నుల్లో బాడీ మర ఇత్తడిది, పట్టుకునే భాగం మర ప్లాస్టిక్‌ది, ఎక్కువ బిగిస్తే పగిలేది ప్లాస్టిక్కే. ఇంత చేశాక కూడా గీత తెగుతుంటే అప్పుడు బిల్లు పట్టుకుని కొన్న చోటికి వెళ్లండి, ఇంకు కడిగేసి తీసుకెళ్లండి, లేకపోతే కౌంటర్ మీద కారిన దానికి ముందు మీరే సమాధానం చెప్పుకోవాలి.