గాడిద నోట్లో చెయ్యి పెట్టొద్దు: అపోహలు - వాస్తవాలు

పోయిన ఎండాకాలం ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది. నేను పశువుల డాక్టర్ని. బట్టల మూటలు మోసే గాడిద రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, నోట్లోంచి చొంగ కారుతోంది. నేను వెళ్లేసరికి వెనక కాళ్లు తూలి కూలబడి ఉంది. "గొంతులో ఏందో ఇరుక్కుండాది సార్, చెయ్యి పెట్టి చూసినా, ఏమీ తగల్లేదు" అన్నాడు పెద్దాయన. బట్టలుతికే సోడా నీళ్లకు ఆయన వేళ్లు పగుళ్లిచ్చి ఉన్నాయి. అవి చూసి నా గుండె జారింది.

చొంగ కారుస్తూ మింగలేకపోతే ఏదో అడ్డం పడిందనే అనుకుంటారు. కావచ్చు. కానీ రేబీస్ కూడా అచ్చం అలాగే కనపడుతుంది. మీద పడి కరిస్తేనే రేబీస్ అనుకోవద్దు, నీరసంగా మూలన నిలబడి చచ్చిపోయే రకమూ ఉంది. కుక్క కరిచిన వారాలకో నెలలకో బయటపడుతుంది కాబట్టి కాటు సంగతి ఎవరికీ గుర్తుండదు. చొంగలో వైరస్ ఉంటుంది, చేతి మీద చిన్న పగులు చాలు. దయచేసి నోట్లో చెయ్యి పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకండి. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. లక్షణాలు రాకముందైతే టీకా కాపాడుతుంది, వచ్చాక ఏ మందూ లేదు. ఆకు పసరు, పసుపు, మంత్రం అని చెప్పేవాళ్ల మాట వినకండి.

మర్నాడు గాడిద చనిపోయింది. గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు వేసుకుని పుర్రె తెరుస్తుంటే, దూరంగా నిలబడిన వాళ్లలో ఒకతను "మెదడు చూస్తే తెలిసిపోతాది గదా సార్" అన్నాడు. తెలియదు. పైపొర తీశాక నడిమధ్య పొడుగాటి చీలిక, దానికి రెండు పక్కలా ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ మెలికలు తిరిగిన మడతలు. వెనకాల సన్న గీతలతో చిన్నమెదడు. మనిషికైతే అది పెద్దమెదడు కింద ఉంటుంది, గాడిదకు పైకే కనపడుతుంది. అన్నీ మామూలుగానే ఉన్నాయి. రేబీస్ వచ్చిన మెదడు చాలాసార్లు పైకి ఇలాగే ఉంటుంది. బ్రెయిన్ స్టెమ్ (మెదడు వెన్నుపాముతో కలిసే చోటు), చిన్నమెదడు ముక్కలు ల్యాబుకు పంపితేనే రేబీస్ అని తేలింది.

గాడిదకు మెదడు లేదనేవాళ్లకు ఆ మడతలే జవాబు. నున్నటి మెదడు ఎలుకది, కుందేలుది. గాడిదది గుర్రం మెదడులాగే ముడతల మెదడు. అడుగున ముందువైపు వాసన పట్టే ఆల్ఫాక్టరీ బల్బులు రెండూ ఎంత పెద్దవో! గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అంటాం గానీ, వాసనల్లో మనం దాని కాలిగోటికి చాలం.

నుదుట వాత పెడితే తలజబ్బు పోతుందన్నది ఇంకో నమ్మకం. కళ్ల మధ్య ఎముక కింద ఉండేది గాలి గదులు, మెదడు ఇంకా పైకి, వెనక్కి ఉంటుంది. వాతతో మిగిలేది పుండే. ఇక నడుస్తూ నడుస్తూ ఆగిపోతే అది మొండితనం కాదు. గుర్రం బెదిరితే పరిగెత్తుతుంది, గాడిద చాలాసార్లు ఆగి చూస్తుంది. కొట్టకండి.

ఆ పెద్దాయన, గాడిదకు నీళ్లు పట్టిన మనవడు ఇద్దరూ అన్ని డోసులూ వేయించుకున్నారు. చివరి డోసు రోజున పెద్దాయన టీకా కార్డు తెచ్చి నాకు చూపించి వెళ్లాడు.